స్త్రీ నామధేయము: సాహిత్యమునందలి సాక్ష్యము
(చీడికాడ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాస పాఠము)



సాహిత్యమునందు స్త్రీల వ్యక్తిత్వము, ఆత్మగౌరవము, శక్తి అను విషయమును గూర్చి ప్రసంగింపవలసినదిగా కార్యదర్శిగారు మమ్ము కోరిరి. విషయము మిక్కిలి విశాలము. గార్గీ మైత్రేయులతో నారంభించి నేటి నవలాకర్త్రులవరకు నామావళి చదివి, నడుమ నడుమ కరతాళధ్వనులు పొంది కూర్చుండుట సులభమే. మేమా త్రోవ త్రొక్కక ఒక్క చిన్న సంగతిని పట్టుకొందుము. అది స్త్రీయొక్క పేరు.

ఈ సంచికకై గ్రామములనుండి వచ్చిన వంశవృక్షములను సరిచూచు పని మాకప్పగింపబడెను. ఒక యింటివారు ఏడు తరములు వ్రాసి పంపిరి. శ్రమపడి సేకరించినారు, సందేహము లేదు. తండ్రులు, కొడుకులు, మనుమలు, దత్తుపోయినవారు, బాల్యమున గతించినవారుకూడ పేరు పేరున నున్నారు. ఆ పుటలో ఆడువారి పేరు ఒక్కటియు లేదు. ‘భార్య మాడుగులవారి ఆడపడుచు’ అని యొకచోట, ‘కుమార్తెలు ముగ్గురు, వివాహితలు’ అని మరియొకచోట. ఏడు తరముల సంతానమును కని పెంచినవారు ఆ వృక్షమున ఏ కొమ్మయందును కానరారు. ఒక్క యింటివారిని తప్పుపట్టుటకు దీనిని చెప్పుటలేదు. తక్కినవియు చాలవరకు ఇట్టివే.

కోడలిని పుట్టినూరి పేరుతో పిలుచుట మన వాడుక. చోడవరపామె, మాడుగులామె అందుము. ఇది పల్లెటూరివారి మోటుతనమని నవ్వువారుందురు గాని, వ్యాస వాల్మీకులును ఈ వాడుక నెరిగినవారే. గాంధార దేశమునుండి వచ్చినది గాంధారి, మద్రదేశమునుండి వచ్చినది మాద్రి, కేకయరాజు బిడ్డ కైకేయి. ద్రుపదుని కూతురు ద్రౌపది, జనకుని కూతురు జానకి. సంస్కృత వ్యాకరణమున తద్ధిత ప్రత్యయములని యొక ప్రకరణము గలదు. పలానావారి సంతానము, పలానా దేశపువారు అను నర్థములను ఆ ప్రత్యయములు తెచ్చును. ఇతిహాసములలోని రాణుల పేర్లు పెక్కు వానివలన బుట్టినవే. గాంధారినే చూడుడు. భారతమున ఆమెకు సౌబలేయి యను పేరును గలదు. ఒకటి దేశమునుబట్టి, ఒకటి తండ్రియైన సుబలునిబట్టి వచ్చినది. నూర్గురు కొడుకులకు పేర్లు పెట్టిన కావ్యమున కన్నులకు గంత కట్టుకొని బ్రదికిన ఆ తల్లికి దక్కినవి ఊరిపేరును తండ్రిపేరును. కుంతికి పృథ యనియు, ద్రౌపదికి కృష్ణ యనియు సొంతపేర్లు గలవు. వానిని చెప్పుమని బడిలో నడిగినచో చేతు లెత్తు పిల్లలు తక్కువ.

అయినను అదే భాషయందు దీనికి మారుపక్షమును గలదు. అర్జునుడు పార్థుడు, కౌంతేయుడు. లక్ష్మణుడు సౌమిత్రి. కర్ణుడు రాధేయుడు. కన్నతల్లి కాదు, పెంచిన రాధ పేరే అతడు మోసెను. మహావీరులు తల్లిపేరు చెప్పుకొనుటచేత వారి వీరత్వము తరుగలేదు. ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని కథ మీలో పెద్దలెరుగుదురు. గురుకులమునకు పోదలచిన బాలుడు తన గోత్రమేమని తల్లి నడిగెను. ఆమె పలుయిండ్ల పరిచర్య చేసి బ్రదికినది. గోత్రము తానెరుగననియు, తన పేరు జబాల గనుక సత్యకామ జాబాలుడనని చెప్పుకొమ్మనియు నిస్సంకోచముగా బలికెను. బాలుడు గౌతముని యెదుట ఆ మాటనే చెప్పెను. సత్యము దాచనివానికి ఉపనయనము చేయుదునని గురువు సమిధలు తెమ్మనెను. గోత్రముండవలసిన చోట ఒక పనిగత్తె పేరు నిలిచినది, అది చాలినది. కుల సంఘమున నిలిచి ఈ కథ చెప్పుచున్నామని మాకు తెలియును, తెలిసియే చెప్పుచున్నాము.

ఇది ఋషుల కాలపు కథ గదా యందురేమో. మన తెలుగునేల నేలిన శాతవాహనులు తమను గౌతమీపుత్ర శాతకర్ణి యనియు, వాసిష్ఠీపుత్ర పులుమావి యనియు శాసనములలో జెప్పుకొనిరి. నాసిక గుహలోని ప్రసిద్ధ శాసనము పులుమావి పందొమ్మిదవ రాజ్యసంవత్సరమున అతని నాయనమ్మ గౌతమీ బాలశ్రీ వేయించినది. కొడుకు విజయములను లోకమునకు దెలిపినది ఆ తల్లి దానశాసనము. అందు ఆమె పేరును గలదు. రెండువేల యేండ్ల నాడు రాతిపై నెక్కిన పేరు మన కాగితముపై నెక్కకపోవుట యేమి?

ఇక నోరు విప్పిన స్త్రీలను గూర్చి కొంత చెప్పుదుము. శకుంతల యనగానే మనకు కాళిదాసు శకుంతల స్ఫురించును. ఉంగరము పోగొట్టుకొని, దుర్వాసుని శాపము తెలియక, రాజసభలో కన్నీరు నించిన సుకుమారి. కాళిదాసును తక్కువచేయు సాహసము మాకు లేదు. ఆ నాటకమును జదివి సంస్కృతముపై మోజుపడినవారిలో మేమును జేరినవారమే. కాని భారతములోని శకుంతల వేరు. ఆ కథలో ఉంగరము లేదు, శాపము లేదు. రాజు ఎరిగియుండియే ఎరుగనని బొంకెను. ఆమె కొడుకును వెంటబెట్టుకొని వచ్చి, నిండుసభలో నిలిచి వాదించెను. ఎవ్వరును చూడలేదని తలంపవలదనియు, సూర్యచంద్రులును భూమ్యాకాశములును సాక్షులనియు జెప్పెను. నూతులు, బావులు, క్రతువులు, కొడుకులు వీని యన్నిటికంటెను ఒక్క సత్యవాక్యము మేలని నిరూపించెను. నన్నయభట్టారకుడు తెనిగించునపుడు ఈ వాదమును సడలింపక నిలిపెను. తెనుగు కావ్యభాష తొలినాళ్లలోనే ఒక స్త్రీ రాజును ధర్మముతో నిలదీసినది. ఆ పద్యమును మన పిల్లలు కంఠస్థము చేయుదురు. పలికినది ఎవరని అడుగుడు. సత్యమహిమను గూర్చిన పద్యమందురే గాని, మోసపోయిన భార్య మొగముమీద చెప్పిన మాట యని తక్కువమంది చెప్పుదురు. పద్యము మిగిలినది, నోరు మరుగుపడినది.

ద్రౌపది ప్రశ్న అంతకంటెను పదునైనది. ధర్మరాజు తన్ను తానోడిన పిమ్మట నన్నొడ్డెనా, ముందు నన్నోడెనా యని ఆమె సభకు ప్రశ్న పంపెను. భీష్ముడు ధర్మము సూక్ష్మమని చెప్పి ఊరకుండెను. చీర లిచ్చిన కృష్ణుని కథ హరికథలలో జనము చెవులార వినిరి. ఆ న్యాయప్రశ్నకు నేటికిని ఎవ్వరును సూటిగా బదులు చెప్పలేదని మా తాత్పర్యము.

పురాణ స్త్రీలను విడిచి, తామే కలము పట్టిన స్త్రీలకు వత్తము. మన కావ్యములకు ముందు అవతారిక యని యుండును. కవి తన యిష్టదేవతను నుతించి, తన వంశమును తన్నును జెప్పుకొను చోటది. ఆతుకూరి మొల్ల తన రామాయణపు అవతారికలో శివభక్తుడగు కేసనసెట్టి కూతురనని చెప్పుకొనెను. కుమ్మరి యింటి ఆడుబిడ్డ. తాను పండితురాలను గానని వినయము పలికియు కావ్యమును ఏ రాజునకును అంకితమీయలేదు. శ్రీరామున కర్పించెను. చిన్న కావ్యమే గాని ఊరూర చదివిరి. పేరు చెప్పుకొనుటచేతనే మనకు మొల్ల మిగిలినది.

ఇప్పుడు చెప్పబోవునది అవతారికను గోల్పోయిన కావ్యపు కథ. పదునెనిమిదవ శతాబ్దియందు తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమున ముద్దుపళని యను విదుషి ‘రాధికాసాంత్వనము’ రచించెను. శృంగార ప్రబంధము, దాని గుణదోషములను ఈ సభలో విచారింపము. మాకు కావలసినది దాని ముందుమాట. అందామె తన యింటి స్త్రీలను, విద్యావతియైన పితామహి తంజనాయకితో గూడ, గౌరవముగా జెప్పుకొనెను. మగ కవులు తాత ముత్తాతలను జెప్పుకొనిన చోట ఆమె అవ్వను నిలిపెను. 1887లో ఒక పండితుడు ఆ గ్రంథమును ముద్రింపించెను. అందు కొన్ని పద్యములతోపాటు ఈ అవతారికయు లోపించినది. పద్యములు రసిక జనమునకు తగవని తీసివేసిరందము. అవ్వ పేరు చెప్పిన పద్యములందు ఏమి యసభ్యత గలదు?

వీరేశలింగము పంతులుగారు తమ కవుల చరిత్రలో ముద్దుపళనిని కఠినముగా నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతి సంపాదించి, లోపించిన భాగములతో గూడ పరిష్కరించి, 1910లో వావిళ్లవారిచే ప్రకటింపించిరి. పురుషులు వ్రాసిన శృంగారమును కొనియాడుచు స్త్రీ వ్రాసినదానినే దూషించుట యేమి న్యాయమని ఆమె పీఠికలో నడిగిరి. మరుసటి యేడు దొరతనమువారు ప్రతులను జప్తుచేసిరి. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు ప్రధానిగా నున్న కాలమున నిషేధము తొలగ, 1952లో వావిళ్లవారు పుస్తకమును మరల ముద్రించిరి. నాగరత్నమ్మగారు ఆ సంవత్సరముననే పరమపదించిరి. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధిమందిరము కట్టించినదియు ఆమెయే.

ఇది కావేరీ తీరపు ముచ్చట యనుకొనవలదు. పేరు లేని స్త్రీల జాబితా యొకటి నాటి మన విశాఖపట్టణము జిల్లాలోనే తయారైనది. విజయనగర మహారాజు ఆనందగజపతివారు ఆ జిల్లాలో బ్రాహ్మణ గృహములయందు మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహముల పట్టిక వ్రాయించిరి. ఎలమంచిలి దాపున సర్వసిద్ధి రాయవరమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారు ‘కన్యాశుల్కము’ను 1897లో అచ్చొత్తించునపుడు ఆంగ్ల పీఠికలో ఆ లెక్క లిచ్చిరి. పట్టిక కెక్కినవి 1034 వివాహములు. పెండ్లికూతుండ్రలో ఐదేండ్లవారు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది బిడ్డలు 3. చంకబిడ్డకు మూడువందల యేబది మొదలు నాలుగువందల రూపాయలవరకు పలికినదట. ఇన్ని యంకెలు మనకు దక్కినవి. ఆ పీఠికలో పిల్ల పేరు ఒక్కటియు లేదు. ఆ కొరతను తీర్చినది నాటకమే. అంకె యొకటి సుబ్బి యైనది, అంకె యొకటి బుచ్చమ్మ యైనది. నాటకమంతయు సుబ్బి పెండ్లి చుట్టు తిరిగినను ఆ పిల్ల యిష్టమేమని అడుగు పెద్దమనిషి అగ్రహారమున లేడు. తల్లి వెంకమ్మ మాట చెల్లక నూతిలో దూకెను. మధురవాణి యనునామె సంఘము వెలివేసిన వృత్తిలో నుండియు, చెడనివారిని చెడగొట్టరాదన్న తల్లిమాటను నిలుపుకొనెను. పేరు పెట్టి, మాట యిచ్చి చూపినపుడు గాని లోకము ఆ బిడ్డల గూర్చి సిగ్గుపడలేదు. సాహిత్యము చేయు పని యిది.

అంతలో ఒక స్త్రీ తానే స్త్రీల పేర్లను సేకరింప బూనెను. ఆమె భండారు అచ్చమాంబ. కృష్ణామండలమున 1874లో జననము, పదియేండ్లకే వివాహము, బడి లేదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆమెకు తమ్ముడు. ఆయన చదువుకొనుచుండ తానును కూర్చుండి తెలుగు, హిందీ, మరాఠీ నేర్చినది. కన్నబిడ్డలను గోల్పోయినది. స్త్రీలు స్వభావముచేతనే బుద్ధిబలహీనలను నపవాదు అసత్యమని నిరూపించుటకై దేశ దేశముల స్త్రీల చరిత్రలను గూర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించెను. అది 1901లో వెలువడినది. పంతులుగారి చింతామణియే దానికి త్రోవ యిచ్చినది. ముద్దుపళని విషయమున వారిని విమర్శించిన నోటితో ఈ మేలును జెప్పవలెను. అమరకోశమున స్త్రీ పర్యాయపదములలో మూడవది ‘అబల’. తరతరములుగా శిష్యులచేత మేమును వల్లె వేయించిన మాట. అచ్చమాంబగారు ఆ పదమును పుస్తకము పేరున నిలిపి, లోపలి ప్రతి పుటయందును దానిని కాదనిరి. 1902లో ఆమె వ్రాసిన ‘ధనత్రయోదశి’ యను కథలో, పండుగనాటి లేమికి జడిసి పరధనము తెచ్చిన గుమాస్తా భర్తను భార్య ఒప్పించి ఆ ధనమును మరల బంపును. తెలుగున తొలి చిన్నకథ 1910 నాటి ‘దిద్దుబాటు’ యని చిరకాలము చెప్పిరి. ఇప్పుడు పలువురు విమర్శకులు అచ్చమాంబ కథలకే ఆ స్థానము నిచ్చుచున్నారు. ఎవరు ముందను తగవు మాకు ముఖ్యము గాదు. అచ్చయిన కథ కర్త్రి పేరుతోసహా దశాబ్దములు మరుగున బడియుండుట గమనింపుడు. ఆమె 1905లో ముప్పది యేండ్లకే కాలధర్మము నొందెను.

నూరేండ్లు గడచినవి, ఆడపిల్లలు చదివిరి, ఉద్యోగము లేలిరి. ఈ చిక్కు తీరినదా? పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ యను కథ చదివినవారికి సమాధానము తెలియును. ఒక గృహిణి ఇల్లలుకుచు, తన పేరేమో మరచిపోవును. ఇరుగుపొరుగు చెప్పలేరు, వారికామె పలానావారి భార్య. పిల్లలకు అమ్మ. మగడు ఏదో యొక క్రొత్తపేరు పెట్టుకొమ్మనును. ఆమె పుట్టినింటికి పోయి వెదకును. తుదకు చిన్ననాటి నెచ్చెలి యొకతె చూచి ‘శారదా’ యని పిలువగా పేరుతోపాటు, తాను బడిలో మొదటిదానిగా నుండుటయు, బొమ్మలు వేయుటయు జ్ఞప్తికి వచ్చును. నవ్వించుచునే గుండెలో ముల్లు దింపిన కథ. మేము దీనిని చదివి వినిపించినపుడు మగపిల్లలు నవ్విరి; ఆడపిల్లలలో కొందరు మాత్రము నవ్వలేదు.

పెద్దలు కొందరు అందురు: స్త్రీల పేర్లు పదుగురిలో ఎత్తకుండుట మర్యాద, అవమానము గాదు. కాదనము. కాని మన పెండ్లిండ్లలో క్రొత్తదంపతులు గడప దాటునపుడు ఆడపడుచులు అడ్డగించి ఒకరి పేరొకరిచేత చెప్పింతురే, ఆ పేరు వినుటకు ఊరంతయు చెవియొగ్గునే! ఆనాడు అందరిలో జెప్పించిన పేరు నలువది యేండ్లకు వంశవృక్షము వ్రాయునపుడు ఎవరికిని తోచకపోవుట మర్యాద యెట్లగును? మన మండలమున నూకరాజులు, పైడిరాజులు ఎందరు లేరు? నూకాలమ్మ పేరు, పైడితల్లి పేరు మగబిడ్డలకు పెట్టి మొక్కు చెల్లించు మనము, ఆ పేరే గల అవ్వను ‘భార్య’ యను నొక్కమాటతో సరిపెట్టుచున్నాము.

మరియొక సంశయము బయటికి చెప్పరు గాని మాకు వినవచ్చినది. ఆడబిడ్డల పేర్లు అచ్చయినచో రేపు వాటా కడుగుదురేమో యని భయము. మహాశయులారా, ఆ హక్కు మన సంచిక యిచ్చునది గాదు, మాన్పునదియు గాదు. ఆంధ్రప్రదేశమున 1985నుండియే చట్టము అవివాహితలైన కుమార్తెలకు పిత్రార్జితమున సమభాగ మిచ్చినది. 2005లో దేశమంతట వివాహితలకును ఆ హక్కు వచ్చినది. 2013 నాటి ఆహారభద్రతా చట్టముచేత రేషను కార్డుపై ఇంటి పెద్ద యింటి స్త్రీయే. పొదుపు సంఘముల పద్దులలో మన కోడండ్రు సంతకములు చేయుచున్నారు. బ్యాంకు ఎరిగిన పేరును, చౌకధరల దుకాణము ఎరిగిన పేరును కులసంఘము ఎరుగకున్నదనిన నవ్వుబాటు ఎవ్వరికి?

కావున సంఘమువారిని మేము కోరునది స్వల్పము. అచ్చునకు సిద్ధమైన వంశవృక్షములను కార్యనిర్వాహకుల యనుమతితో ఒక నెల నిలిపియుంచితిమి. ప్రతి పురుషుని పేరు ప్రక్కన భార్య సొంతపేరును, ఆమె పుట్టినింటివారి పేరును. కుమార్తెల పేర్లు కొడుకులతోబాటు పుట్టిన క్రమమున. వితంతువులవి, సంతానము లేనివారివి, పుట్టినింట నిలిచిపోయినవారివి కూడ వ్రాయవలెను. పేరు దొరకనిచోట ‘లేదు’ అని వ్రాయక ఖాళీగీత నుంచుడు. తెలిసినవారు ఎన్నడో వచ్చి నింపుదురు. ఈ పేర్లు మగవారి జ్ఞాపకమున తక్కువ, ముదుసలి స్త్రీల జ్ఞాపకమున ఎక్కువ. ఎనుబది దాటిన అవ్వలు మన గ్రామములలో ఇంకను నున్నారు. వారి నాయనమ్మల పేర్లు వారికే తెలియును. ఈ వేసవి దాటకమునుపే అడుగవలెను.

భోజనములైన పిమ్మట పందిరి తూర్పున బల్లపై పుస్తకము తెరచియుండును. ఉన్నత పాఠశాల చదువుచున్న బాలికలు నలుగురు వ్రాయుటకు ఒప్పుకొనిరి. నడువలేని పెద్దమ్మల కడకు వారే పుస్తకము తీసికొని వత్తురు.